పాపికొండల దారిలో పడవ తనిఖీలు

గోదావరీనది తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చు తావున ఇరువైపుల కొండలు దగ్గరకు జరిగి, నది మిక్కిలి సన్నబడును. స్త్రీ తలలో తీర్చిన పాపిడివలె కొండల నడుమ నీటిచాలు కనబడుటచే ఆ తావునకు పాపిడికొండలని పేరు కలిగెననియు, నోటినోట నలిగి అదియే పాపికొండలైనదనియు పెద్దలు చెప్పుదురు. ఆ యందమును గూర్చి వచ్చిన వ్రాతలు చాల గలవు. కావున మేము దానిని గూర్చి కొంచెమే చెప్పి, అచ్చటికి పోవు లాంచీలను నడుమ నాపి చేయు తనిఖీలను గూర్చి యెక్కువగా వ్రాయదలచితిమి. ఇది మగవారి వ్యవహారమని సోదరీమణు లనుకొనరాదు. లాంచీలో పసిపిల్లలను ఒడిలో పెట్టుకొని కూర్చుండునది మనము. ముసలివారికి వేళకు మందుబిళ్ల లిచ్చునది మనము. లాంచీ యాగినచోట ఎండకు కొంగు చాటుచేయునదియు మనమే.

గడచిన మాఘమాసమున మేము పదునొకండుగురము కాకినాడనుండి బయలుదేరితిమి. మాతో డెబ్బదియెనిమిదేండ్ల మా అత్తగారును, మా మేనకోడలును, ఆమె నాలుగేండ్ల కుమారుడును ఉండిరి. తక్కినవారు మా వీధిలోని ఇల్లాండ్రు, వారి పిల్లలు, తోడుకు ఇద్దరు మగవారు. మేనకోడలు అమెరికా దేశపు ఫ్లారిడా రాష్ట్రమున కాపురముండి, సెలవులకు పుట్టింటికి వచ్చియుండెను. ఆమె మాట ముందుముందు అవసరమగును గనుక ఇచ్చటనే చెప్పితిమి.

పూర్వము లాంచీలు రాజమహేంద్రవరము రేవునుండియే బయలుదేరి, పట్టిసీమ ప్రక్కగా పైకి పోయెడివి. పోలవరము ఆనకట్ట పని సాగి, 2021 జూన్ నెలలో నదిని స్పిల్‌వే దారికి మరలించిన పిమ్మట ఆ దారి తెగిపోయినది. ఇప్పుడు బస్సుమీద గండిపోచమ్మ ఆలయమువఱకు పోయి, అచ్చట లాంచీ యెక్కవలెను. ఆ తల్లి ఆలయము వఱదకాలమున నీట మునుగును. నీరు తీసిన పిదప కడిగి మరల పూజలు సాగింతురు. ఆ ప్రాంతమున దేవీపట్నము మొదలగు ఊళ్లు వెనుకకు నిలిచిన నీటిలో మునిగి, జనులు క్రొత్త కాలనీలకు తరలిపోయిరి. నీటిలో నిలిచిన మొండిగోడలను చూచి మా అత్తగారు, "ఎవరి వంటిల్లో అది!" అని చాలసేపు మాటాడకుండిరి.

లాంచీ యెక్కుటకు ముందు పేర్లు, వయస్సులు, ఆధార్ కార్డుల అంకెలు వ్రాసికొనిరి. ప్రతివారికిని ఒక్కొక్క లైఫ్ జాకెట్టు నిచ్చిరి. నీట తేలు బెండును గుడ్డలో పొదిగి కుట్టిన నారింజరంగు చొక్కా యిది. ముందువైపున బిగించుకొనుటకు పట్టీలుండును. చీర కట్టినవారికి దానివలని యిబ్బంది చెప్పనలవి కాదు. పైట దానిక్రింద ముద్దయగును. నిన్నటివారి చెమట వాసన దానిని వదలియుండదు. మాఘమాసమైనను పదిగంటల యెండకు లోపల రవిక తడిసిపోవును. మేము కనుగొన్న యుపాయ మొకటి కలదు. పైటను ముందుగా చుట్టి నడుమున గట్టిగా దోపుకొని, దానిపై జాకెట్టు తొడిగి, పట్టీలన్నియు బిగించుకొన్నచో కొంత సుఖముగా నుండును. పట్టీలు వదులుగా విడువరాదు. నీటిలో పడినప్పుడు వదులు జాకెట్టు పైకి తేలి, మనిషి దానిలోనుండి క్రిందికి జారిపోవును.

లాంచీ కదలినది. పాటల పెట్టె మ్రోగనారంభించినది. ఈ లాంచీలలో చెవులు చిల్లులు పడునట్లు సినిమాపాటలు వేయుట యేమి వేడుకయో మాకు తెలియదు. కొండలు చూడవచ్చినవారు పాటలు వినలేదని చింతింతురా? వెనుకవైపున నొక పిల్లవాడు నీటిలో పడి కేకవేసినను ముందువైపునకు వినబడదు.

గంట గడవకముందే ఒక వంపున ఈల వినబడెను. సరంగు యంత్రము తగ్గించి లాంచీని ఒడ్డునకు చేర్చెను. ఖాకీదుస్తుల యుద్యోగులు ముగ్గురు ఎక్కిరి. మరల అవే పేర్లు, అవే వయస్సులు, అవే కార్డులు. జాబితాలోని యొక పేరు ఒకచోట ఒక తీరుగను, మఱియొకచోట మఱియొక తీరుగను వ్రాయబడుటచే ఆ చిక్కు విడదీయుటకే పది నిమిషములు పట్టెను. మద్యముకొరకు సంచులు వెదకిరి. ఆడువారి సంచులలో మగవారు చేయి పెట్టుట మాకు రుచింపలేదు. మా పొరుగింటి వదినగారు సంచి నీయక, "నేనే తీసి చూపుతాను, మీరు దూరంగా నిలబడండి" అని ఒక్కొక్క వస్తువును తీసి బల్లపై పెట్టిరి. పులిహోర గిన్నె, పిల్లల గుడ్డలు, మందులు, విసనకఱ్ఱ బయటపడెను. ఉద్యోగి సిగ్గుపడి చాలునన్నాడు.

లాంచీ కదలుచున్నంతసేపు తెలియని యెండ, ఆగగానే రేకు కప్పునుండి క్రిందికి దిగును. పిల్లలు ఏడ్వ మొదలిడిరి. మరుగుదొడ్డి యెదుట వరుస యేర్పడెను. ప్రయాణికులలో కండువా వేసికొన్న పెద్దమనిషి యొకరు, "డబ్బిచ్చి సంతోషంగా పోదామని వస్తే దొంగలను నిలబెట్టినట్టు నిలబెట్టారు" అని గట్టిగనే పలికిరి. మఱియొకరు, తమ బంధువుల లాంచీని నిన్న రెండుచోట్ల ఆపిరనిరి. వేఱొకరు, ఎఱిగిన లాంచీల నాపరనిరి. అది మేము చూచినది కాదు. నలుబది నిమిషములు గడచెను. పెద్దమనిషి కోపములో న్యాయము లేకపోలేదని మాకును తోచెను. ఒడ్డున ఒకమారు చూచినదానినే నీటిపై రెండవమారు చూచుటయేల? చూడవలసియున్నచో నీడలేనిచోట చూచుటయేల?

మా సరంగు యేబదేండ్లవాడు, మితభాషి. ఒడ్డున దిగి చుట్ట ముట్టించుకొన్నవానిని మా అత్తగారు, "రోజూ ఇంతేనా బాబూ?" అని యడిగిరి. అతడు నదివైపు చూచి, "కచ్చులూరు దాటేదాకా నాకు మాట్లాడబుద్ధి కాదండమ్మా" అనెను. మా గుంపులోని గొణుగుడు అంతటితో కొంత తగ్గినది.

కచ్చులూరు పేరు వినని తెలుగు ఇల్లు లేదు గదా. 2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమునాడు, గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వఱదనీరు పోవుచుండగా, 77 మందితో పాపికొండలకు పోవుచున్న విహారపు లాంచీ కచ్చులూరు మందము వద్ద సుడిలో చిక్కి మునిగిపోయెను. ఒడ్డునున్న గ్రామములవారు నాటుపడవలతో వచ్చి అందినవారిని అందుకొనిరి. ఒడ్డు చేరినవారు 26 మంది మాత్రమే. మునిగిన లాంచీ 200 అడుగులకు మించిన లోతున నుండెను. తుదకు మా కాకినాడవాసియగు ధర్మాడి సత్యముగారు తన మనుష్యులతో వచ్చి, ఇనుపత్రాళ్లను, లంగరులను వేసి గాలించి, అక్టోబరు 22వ తేదీన, అనగా 38వ దినమున, దానిని పైకి తెచ్చిరి. ఆ దినములలో మా యూర దాదాపు ప్రతి యింటను ఆ మాటయే.

అది మొదటిది కాదు. 2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము పవిత్రసంగమము వద్ద అనుమతి లేని పడవ, పరిమితికి మించి జనము నెక్కించుకొని బోల్తాపడగా ఇరువదిమందికి పైగా పోయిరి. 2018 మే 15న గోదావరిలోనే మంటూరు వద్ద గాలివానలో లాంచీ మునిగెను. అది విహారపు లాంచీ కాదు. సంతకో, కచేరికో, ఆసుపత్రికో పోవు కొండయూళ్లవారు దానిలో నుండిరి. జల్లు లోపలికి రాకుండ తలుపులు మూసికొనుటచే లోనివారు బయటపడలేకపోయిరి. దానికి కొన్నిదినముల ముందు పాపికొండల విహారపు లాంచీ యొకటి నడినదిలో అంటుకొన్నను ప్రయాణికులందఱును బ్రతికి బయటపడిరి. నిప్పార్పు గొట్టము కలదా, తలుపు తెఱచియున్నదా, ఎందఱెక్కిరి అని యుద్యోగు లడుగు ప్రశ్నలలో నొక్కటియు ఊరక పుట్టినది కాదు. ప్రతి ప్రశ్నకును వెనుక నొక లాంచీ కలదు.

కచ్చులూరి ప్రమాదము పిమ్మట లాంచీలు చాలకాలము ఆగిపోయినవి. ప్రభుత్వమువారు గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరము మొదలగు తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములను నెలకొల్పి 2020లో పనిలోనికి తెచ్చిరి. 1917 నాటి పాత పడవల చట్టమునకు మాఱుగా 2021లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. యంత్రపు పడవను రిజిస్టరు చేయించి, నిపుణులచే పరీక్ష చేయించి, పత్రము పొందవలెనని దాని నియమము.

ఇంతలో మా మేనకోడలు, "అత్తయ్యా, ఈ విసుగు మాకు కొత్త కాదు" అని తన దేశపు సంగతి యెత్తుకొనెను. ఫ్లారిడాలో 10 లక్షలకు పైగా పడవలు రిజిస్టరు చేయబడి యున్నవట. మనవారు స్కూటరు కొన్నట్లు అచ్చటివారు చిన్న యంత్రపు పడవను కొని, సెలవుదినమున భోజనము మూటగట్టుకొని, తామే నడుపుకొని పోవుదురు. ఆమె భర్తయు స్నేహితునితో కలిసి ఒకటి కొనెను. ఒకనాడు ఉదయమొకమారు, సాయంకాల మొకమారు అధికారుల పడవలు వచ్చి వారిని నిలిపినవి. జాకెట్లెన్ని, ఈల యున్నదా, నిప్పార్పు గొట్టము పనిచేయునా, దీపములు వెలుగునా అని రెండుమారులును అవే ప్రశ్నలు. "రోడ్డుమీద పోయే కారును తప్పు కనబడితే గాని ఆపకూడదు కదా, నీళ్లమీద మాత్రం ఎందుకు?" అని అచ్చటివారి వాదము.

ఆ ప్రశ్నకు జవాబు చాల పాతది. పన్నులు తప్పించుకొని సరకు దింపు ఓడలను పట్టుకొనుటకై, ఓడలపై కెక్కి చూచు నధికారమును ఆ దేశపు మొదటి కాంగ్రెసు 1790లోనే సుంకపు టధికారుల కిచ్చెను. నేటి తీరరక్షక దళమువారి యధికారమునకు అదియే మూలము. 1983లో వారి సుప్రీంకోర్టు, సముద్రమునకు దారియున్న నీళ్లలో అనుమానము లేకున్నను పత్రములు చూచుటకు పడవ నెక్కవచ్చునని తీర్పు చెప్పినది. అయినను విహారము చేయువారి మొఱ ఆగలేదు. తుదకు ఫ్లారిడావారు 2025లో క్రొత్త చట్టము చేసి, ఆ జులై 1వ తేదీనుండి, తగిన కారణము లేక కేవలము రక్షణసామగ్రిని చూచుటకై రాష్ట్రపు టధికారులు పడవల నాపరాదని నిర్ణయించిరి. సామగ్రి సరిగా నున్నట్లు చూపించుకొన్న పడవకు అంటించుకొనుటకు ఒక బిళ్ల నిత్తురట. కేంద్రప్రభుత్వపు తీరరక్షక దళమువారికి మాత్రము ఈ చట్టము వర్తింపదు.

"మీకు సంతోషమేనా?" అని మేమడిగితిమి.

"ఆయనకు సంతోషమే. నాకే ఎటూ తోచదు. ఆపినప్పుడు చిరాకుగా ఉండేది. కాని వీడి జాకెట్టు చూడకుండా ఎవరూ వదిలేవారు కాదు" అని కుమారుని తల నిమిరినది. అచ్చట ఇరువదియాఱు అడుగులకు తక్కువైన పడవ కదలుచున్నంతసేపు ఆఱేండ్లలోపు బిడ్డ జాకెట్టు తొడిగియే యుండవలెను. అదియు వాని యొడలికి సరిపోవునదై యుండవలెను. 2023లో ఆ దేశమందంతటను విహారపు పడవల ప్రమాదములలో 564 మంది మరణించిరనియు, మునిగి చనిపోయినవారిలో జాకెట్టు సంగతి తెలిసినంతవఱకు 100కి 87 మంది దానిని తొడుగుకొననివారే యనియు తీరరక్షక దళమువారి లెక్క. వారి యొద్దను జాకెట్లు లేక కాదు. బల్లక్రింద పెట్టుకొనుటయే చాలుననుకొనిరి కాబోలు.

ఇట్లు చెప్పుచు ఆమె కుమారునివైపు చూచి మాటలు నిలిపినది. వానికి రేవున పెద్దవారి జాకెట్టే తొడిగియుండిరి. అది మోకాళ్లవఱకు వ్రేలాడుచుండెను. ఆమె దానిని రెండు భుజములవద్ద పట్టి పైకెత్తగా, పిల్లవాడు నిలిచినచోటనే నిలువగా, జాకెట్టు మాత్రము వాని చెవులు దాటి పైకి వచ్చినది. సరిపోవునది యయినచో అట్లు రారాదు. ఈ పరీక్షను మన తల్లులందఱును చేసి చూడవచ్చును. మేము లాంచీలోని తక్కిన పిల్లలనుకూడ చూచితిమి. ఎనమండుగురు పిల్లలు, ఎనిమిదియు పెద్దవారి జాకెట్లే. ఉద్యోగులు నలుబది నిమిషములు చూచినారు, తలలు లెక్కపెట్టినారు, జాకెట్లు లెక్కపెట్టినారు, రెండంకెలును సరిపోయినవని వ్రాసికొన్నారు. ఈ సంగతి వారి కంటబడలేదు.

మేనకోడలు పిల్లవాని నెత్తుకొని పోయి వారికి చూపినది. వారిలో చిన్నవాడు మంచివాడు. మారు పలుకక సరంగును పిలిచెను. కళాసీలు బల్లలక్రింద వెదకి చిన్న జాకెట్లు మూడు తెచ్చిరి. అయిదు తక్కువ. వెనుకనుండి వచ్చు లాంచీలో నుండవచ్చుననియు, అది వచ్చువఱకు ఆగవలెననియు ఆ యుద్యోగి చెప్పగా, లాంచీలో పెద్ద గగ్గోలు పుట్టెను. కండువా పెద్దమనిషి లేచి, "ఇంకా ఎంతసేపండీ? మధ్యాహ్నం భోజనం ఇక్కడేనా?" అని కేకవేసిరి.

మా అత్తగారు కూర్చున్నచోటు నుండియే, "నాయనా, మీ మనుమరాలు ఆ మూలన ఆడుకుంటోంది. దాని మెడలో ఉన్నది ఒకసారి ఎత్తి చూడు, తర్వాత పోదాం" అనిరి. ఆయన చూచిరి. ఏమియు ననక కూర్చుండిరి. మరి యిరువది నిమిషములకు వెనుకటి లాంచీ వచ్చినది. దానిలో నాలుగు దొరకినవి. అయిదవది దొరకలేదు. పదునొకండేండ్ల పిల్ల కొంచెము పొడగరి గనుక పెద్దదానినే ఆమె తల్లి పట్టీలు బిగించి, కాళ్లనడుమ నుండి తువాలు చుట్టి కట్టి సరిపెట్టినది. ఈ పనులన్నియు చేసినది లాంచీలోని స్త్రీలే. మగవారు గడియారములు చూచుకొనుచుండిరి.

అటుపిమ్మటి ప్రయాణము సుఖముగా జరిగినది. కచ్చులూరు దాటునప్పుడు సరంగు పాటల పెట్టె నాపించెను. నీరు పైకి నున్నగా, లోపల త్రాళ్లు పేనినట్లు తిరుగుచుండెను. దాటిన తరువాత అతడు మా అత్తగారివైపు చూచి మొదటిసారి నవ్వెను. కొండలు రానురాను దగ్గరపడినవి. వెదురుపొదలు నీటిమీదికి వంగియుండెను. ఒక వంపున నది యికలేదనిపించి, మరుక్షణమే రెండు కొండల నడుమ సన్నని వెలుగుదారియై తెఱచుకొనును. పాపిడియను పేరు పెట్టినది తప్పక యెవరో స్త్రీయే యైయుండును. ఈ కొండలు, అడవియు కలిసి 2008 నుండి జాతీయవనముగా నున్నవి. పేరంటాలపల్లిలో దిగి, మెట్లెక్కి, రామకృష్ణ మునివాటమున శివుని దర్శించి, కొండవాగు చల్లదనమున కొంతసేపు కూర్చుంటిమి. కొండరెడ్ల స్త్రీలు వెదురుతో చేసిన పూలు, బుట్టలు అమ్ముచుండిరి. బేరమాడకుడని మేము మావారికి చెప్పితిమి. అంత పని కంతకంటె తక్కువ ధర యుండదు.

భోజనములు లాంచీలోనే పెట్టిరి. చేతులు కడుగుకొని విస్తళ్లముందు కూర్చుండగానే సగముమంది జాకెట్లు విప్పిరి. తినునప్పుడవి అడ్డమే. కాని తిన్న తరువాత మరల తొడుగుకొన్నవారు కొందఱే. కొందఱు వానిని చుట్టి తలక్రింద పెట్టుకొని నిద్రించిరి. తిరుగుప్రయాణమున మమ్ము నెవరును ఆపలేదు. ఉదయము ఖాకీదుస్తులవా రెక్కిన వంపువద్ద ఒడ్డున ఖాళీ కుర్చీ యొకటి మాత్రమే యుండెను. ఉదయము నలుబది నిమిషములు ఆపి కాగితములు చూచుటకంటె, ఆ సాయంకాలము రెండు నిమిషము లాపి "జాకెట్లు తొడుక్కోండి" అని యొక్క మాట చెప్పియున్నచో ఎక్కువ మేలు జరిగియుండెడిదని మా యభిప్రాయము. మా సరంగు చెప్పెను. మైకులో రెండుమారులు చెప్పెను. అతని మాట నెవరు లెక్కింతురు?

రాజమహేంద్రవరమున బస కుదిరిన రాత్రియే మేము కూర్చుండి యొక అర్జీ వ్రాసితిమి. లాంచీల నాపవద్దని కోరలేదు. కాగితములు, యంత్రము, జనసంఖ్య యివన్నియు రేవుననే, నీడలో, లాంచీ కదలకముందే ఒక్కమారు సంపూర్ణముగా చూడవలెననియు, స్త్రీల సంచులు చూచుటకు స్త్రీ యుద్యోగి నుంచవలెననియు, పిల్లల జాకెట్లను వేఱుగా లెక్కించి, అవి తక్కువైనచో లాంచీని రేవు దాటనీయరాదనియు, దారిలో చూడవలసినది జాకెట్టు ఒంటిమీద నున్నదా లేదా యని మాత్రమేయనియు, అదియు వచ్చునప్పుడుకూడ చూడవలెననియు వ్రాసితిమి. మేనకోడలు ఇంగ్లీషులోనికి మార్చి మఱియొక ప్రతి చేసినది. కండువా పెద్దమనిషి అదే బసలో దిగియుండుటచే ఆయనకును చూపితిమి. చదివి, "స్త్రీ ఉద్యోగి" అను మాటక్రింద గీత గీసి, తమ చేవ్రాలును చేసిరి. మా అత్తగారిని వ్రేలిముద్ర వేయుమనగా ఒప్పుకొనక, కళ్లజోడు తెప్పించుకొని, వణకుచేతితో పేరంతయు వ్రాసి, క్రింద ఊరి పేరుకూడ చేర్చిరి.